రెండో ట్యూబు

ఆ మంగళవారం నేను చేయవలసిన పనులు ఇవి. డైరీలో ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఫ్రీజర్ల టెంపరేచర్ చూసి రిజిస్టరులో ఎక్కించాలి.
కయల్విళి, ఎముక మజ్జ, రెండు ట్యూబులు. మొదటిది పాళ్ళ పరీక్షకు, రెండోది గుర్తుల పరీక్షకు.
కయల్విళి తండ్రి సుడలైముత్తు, రక్తం, ఒక ట్యూబు.
పాత రిపోర్టులు మూడు, సంతకానికి పంపాలి.
వచ్చే సోమవారం తనిఖీ. ఫైళ్ళు వరసగా సర్దాలి.
అమ్మకు కంట్లో వేసే చుక్కల మందు.

అన్నీ చేశాను. ఒక్కొక్కదాని పక్కన టిక్కు పెట్టుకున్నాను కూడా. ఈ డైరీ ఎవరికైనా చూపిస్తే ఎంత బుద్ధిగా పనిచేసే మనిషో అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

నా పేరు అంజుగం. మదురైలో ఒక పెద్ద ఆసుపత్రి నాలుగో అంతస్తులో, మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్ళ రక్తం పరీక్షించే ల్యాబులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. మా నాన్న మేలూరు దగ్గర క్వారీలో రాళ్ళు కొట్టాడు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. తాసిల్దారు ఆఫీసులో అలా అని ఒక ధ్రువపత్రం ఇస్తారు. అది ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. నా వెనక ఎవరూ లేరు కాబట్టి నేను తప్పు చేయకూడదని చిన్నప్పటి నుంచీ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తప్పు చేయకూడదు అనుకోవడం వేరు, తప్పు నాది కాకూడదు అనుకోవడం వేరు. ఆ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.

మా పని గురించి కొంచెం చెప్పాలి. మనిషి కణాల మీద కొన్ని గుర్తులుంటాయి. సగం తండ్రి నుంచి వచ్చినవి, సగం తల్లి నుంచి వచ్చినవి. పరాయి గుర్తు కనబడితే ఒంట్లోని కాపలా కణాలు దాని మీద పడతాయి. కయల్విళికి ఇరవై ఆరేళ్ళు. తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో కుట్లు సరిచూసే పని. రక్తక్యాన్సర్ వచ్చింది. పూర్తిగా కలిసే దాత దొరకక సగం కలిసే తండ్రి మజ్జ ఎక్కించారు. సుడలైముత్తు తూత్తుకుడి ఉప్పుమడుల్లో పనిచేసే మనిషి. అతని కాపలా కణాలకు కూతురిలోని తండ్రి వైపు గుర్తులు సొంతవే; తల్లి వైపువి మాత్రం పరాయివి. మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను అవి పట్టుకునేది ఆ తల్లి వైపు గుర్తులు చూసే. చికిత్స మొత్తం ఆ సగం మీద నిలబడి ఉంటుంది.

ఎనిమిది నెలలు బాగానే గడిచింది. తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఇలాంటప్పుడు మామూలుగా చేసేది, దాత కాపలా కణాలను మరోసారి తీసి ఎక్కించడం. మార్పిడి వార్డు డాక్టర్ అరుళ్‌రాజ్ అదే అనుకున్నారు. ముందు మజ్జలో కూతురి కణాలెన్ని, తండ్రివెన్ని అని పాళ్ళు తేల్చాలి. దానితో పాటు గుర్తుల పరీక్ష కూడా మళ్ళీ చేయాలని మా ల్యాబు పెద్ద, యోగాంబిగై మేడం, నాలుగు నెలల కిందటే కొత్త పద్ధతి పెట్టింది.

"ఎందుకు మేడం? మనిషి గుర్తులు మారతాయా?" అని అడిగాను అప్పుడు.

"మనిషివి మారవే. క్యాన్సర్‌వి మారొచ్చు. దొంగ చొక్కా మార్చినట్టు. చేసి చూడు."

చేశాను. మొదటి ముగ్గురిలో ఏమీ మారలేదు. కయల్విళి నాలుగో మనిషి. ఆ వారం మేడం కూతురి పురుడని కోయంబత్తూరు వెళ్ళింది.

ట్యూబులు తెచ్చింది రాక్కాయి అక్క. వార్డులో అటెండరు. యాభై దాటిన మనిషి, ముక్కుకు రెండు వైపులా పుడకలు. పొద్దున కయల్విళి రెండు ట్యూబులూ ఇచ్చి వెళ్ళింది. ఇరవై నిమిషాల తర్వాత సుడలైముత్తు ట్యూబు పట్టుకుని ఆయాసపడుతూ మళ్ళీ వచ్చింది.

"ఒంటి ట్యూబు ఎక్స్‌ప్రెస్ వచ్చిందోయ్!" అంది నా పక్క బల్ల జెసింత. "లిఫ్టు పాడైందా అక్కా?"

"లిఫ్టుకేం, దివ్యంగా ఉంది. మెట్లకే నా మీద మోజు."

"మూడూ ఒకేసారి తేవచ్చు కదా. ఒకే ఇంటివాళ్ళేగా."

"ఒకే ఇల్లయితే ఒకే రక్తమా పాపా? నాకు అక్షరం ముక్క రాదు. ఇద్దరి సీసాలు ఒక చేతిలో ఉంటే ఏది ఎవరిదో నా చెయ్యి చెప్పలేదు. ఒక్క మనిషిదే ఉంటే తప్పుపోడానికి చోటే లేదు. ఏమంటావు డాక్టరమ్మా?"

డాక్టరమ్మ అంటే నేనే. నేను డాక్టర్ని కానని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ పిలుపు నాకు ఇష్టంగా ఉండేది.

గురువారం రెండు ఫలితాలూ వచ్చాయి. మొదటి ట్యూబులో నూటికి డెబ్భై పాళ్ళు కయల్విళి కణాలు, ముప్ఫై పాళ్ళు తండ్రివి. జబ్బు గట్టిగానే తిరగబెట్టిందన్నమాట. రెండో ట్యూబు గుర్తులు చూశాను. తల్లి వైపు సగం లేదు. ఎక్కడా లేదు. ఉన్నవన్నీ సుడలైముత్తువే. అతని పాత రిపోర్టు పక్కన పెట్టి చూస్తే అచ్చు గుద్దినట్టు ఉంది.

డెబ్భై పాళ్ళు కూతురి కణాలున్న మజ్జలో కూతురి గుర్తులు సగం ఎలా లేకుండా పోతాయి? అదే రోజు తండ్రి రక్తం కూడా వచ్చింది. ట్యూబులు మారాయి, అంతే అనుకున్నాను. నిమిషం కూడా పట్టలేదు అలా అనుకోవడానికి.

ఒకటి చూశాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. ట్యూబులో ఉన్నది నిజంగా తండ్రి రక్తమే అయితే, అతని రెండు సగాలూ సమానంగా కనబడాలి. ఇక్కడ ఒక సగం గీతలు లావుగా, రెండోదానివి సన్నగా ఉన్నాయి. చూశాను. యంత్రం పాతదైంది అనుకుని పేజీ తిప్పేశాను.

తేల్చుకోవడానికి దారి ఉంది. రెండో ట్యూబు నుంచి తీసిన డిఎన్‌ఏ ఇంకా నా దగ్గరే ఉంది. దాని మీద కూడా పాళ్ళ పరీక్ష పెడితే ఆ ట్యూబు కూతురిదో తండ్రిదో సాయంత్రానికి తెలిసిపోయేది. పెట్టలేదు. సోమవారం తనిఖీ. ట్యూబు వార్డులో మారకపోతే నా బల్ల మీద మారి ఉండాలి. నా బల్ల మీద అనే మాట నోట్లోంచి రావడానికే ఒప్పుకోలేదు.

పొరపాటు జరిగితే నింపడానికి ఒక ఫారం ఉంది. అందులో 'బాధ్యులు' అని ఒక గడి. ట్యూబు మీద స్టిక్కరు అంటించాల్సింది నర్సు. వార్డు రద్దీగా ఉంటే నర్సు స్టిక్కర్లు చేతికిచ్చేస్తుంది, అటెండరు అంటిస్తుంది. అది అందరికీ తెలుసు, ఏ కాగితంలోనూ ఉండదు. నర్సు పేరు రాస్తే వాళ్ళ సంఘం వచ్చి కూర్చుంటుంది. రాక్కాయి పేరు రాశాను.

సంతకానికి ఆమెను పిలిపించాను. పేరు మాత్రం బొమ్మ గీసినట్టు గీయడం వచ్చు ఆమెకు. ఫారం ఇంగ్లీషులో ఉంది.

"ఏం రాశావు డాక్టరమ్మా ఇందులో?"

"మామూలు కాగితమే అక్కా. తనిఖీ వస్తోంది కదా."

"నువ్వు రాశావంటే సరే." కళ్ళు దగ్గరగా పెట్టి, నాలుక పళ్ళ మధ్య పెట్టి, నెమ్మదిగా పేరు గీసింది. అయిపోయాక బాగుందా అన్నట్టు నా వైపు చూసింది.

మా నాన్న క్వారీలో ఇలాంటి కాగితాల మీదే వేలిముద్ర వేసేవాడు. ఇంటికొచ్చి, "ఏదో మామూలు కాగితమంట" అనేవాడు. అందుకే నన్ను చదివించాడు.

డాక్టర్ అరుళ్‌రాజ్ ఫోన్ చేశారు. "ఏమ్మా అంజుగం, గుర్తుల రిపోర్టు ఇవ్వకుండా మజ్జ మళ్ళీ పంపమంటావేంటి? ఆ పిల్ల నడుంలో ఇంకోసారి సూది దించమంటావా? మొన్నటి నొప్పే తగ్గలేదు."

"ట్యూబు మారింది సార్."

"ఖాయమా?"

"ఖాయం సార్."

"సరే, వదిలెయ్. పాళ్ళు తెలిశాయిగా, అది చాలు. వాళ్ళ నాన్నను సోమవారం రమ్మంటాను."

సోమవారం మా వరండాలో సుడలైముత్తు కనబడ్డాడు. ఉప్పుకు పగిలిన పాదాలు, ఉతికిన తెల్ల పంచె. సంతోషంగా ఉన్నాడు. "మళ్ళీ నా రక్తమే కావాలంట తాయీ. పోయినసారి సగం పని చేసి వదిలేసిందంట, ఈసారి దానికి గట్టిగా బుద్ధి చెప్పి పంపిస్తున్నా." నవ్వాను. అతని కణాలు తీశారు, ఎక్కించారు. తనిఖీకి వచ్చినవాళ్ళు నా ఫైళ్ళు చూసి చాలా బాగున్నాయన్నారు. రాక్కాయి అక్కను వార్డు నుంచి తీసేసి, కింద బట్టలు ఉతికే చోట వేశారు.

పద్దెనిమిదో రోజున కయల్విళి ఒళ్ళంతా ఎర్రగా పొక్కింది. తర్వాత కడుపు చెడింది. రోజుకు ఇరవై విరేచనాలు, రక్తంతో. ఎక్కించిన కణాలు ఆమె చర్మం మీద, పేగుల మీద పడ్డాయి. క్యాన్సర్ కణాలు మాత్రం తగ్గలేదు. పెరిగాయి.

మేడం అప్పటికి తిరిగొచ్చింది. ఫైలు తెప్పించుకుని, నన్ను పిలిచి, గుర్తుల పరీక్ష గీతలు తెర మీద పెట్టమంది.

"ఈ సన్న గీత చూశావా?"

"చూశాను మేడం."

"చూసి?"

మేడం ఆ గీత మీద వేలు పెట్టింది.

"తండ్రి రక్తమే అయితే ఇది ఇంత సన్నగా ఎందుకుంటుంది అంజుగం? నీకు తెలియక కాదు కదా. కొత్తగా వచ్చిన పిల్ల అయితే తిట్టి వదిలేద్దును." ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఆ డిఎన్‌ఏ ఉందా?"

"ఉంది."

"పాళ్ళు పెట్టు. ఇప్పుడే."

పెట్టాను. సాయంత్రం ఐదింటికి వచ్చింది. డెబ్భై, ముప్ఫై. రెండో ట్యూబు కయల్విళిదే. ఏదీ మారలేదు. వార్డులో మారలేదు, నా బల్ల మీదా మారలేదు. మారింది క్యాన్సర్. తల్లి వైపు సగాన్ని చెరిపేసుకుని, ఆ ఖాళీలో తండ్రి వైపు సగాన్నే ఇంకోసారి రాసుకుంది. తండ్రి కణాల కళ్ళకు ఇక అది సొంత మనిషే. చర్మానికీ పేగులకూ మాత్రం తల్లి గుర్తులు ఇంకా ఉన్నాయి. తండ్రి కణాలు వాటినే పట్టుకున్నాయి. ఈ సంగతి తెలిసి ఉంటే ఎవరూ తండ్రి కణాలు మళ్ళీ ఎక్కించేవారు కాదు. తల్లిని పిలిచేవారు. తల్లి కణాలకు ఆ తండ్రి వైపు గుర్తులు పరాయివి; రెట్టింపు కనబడేవి.

మరునాడు కిందికి వెళ్ళాను. రాక్కాయి అక్క ఆవిరి మధ్య తడి దుప్పట్లు విదిలిస్తోంది.

"ట్యూబు మారలేదక్కా. నువ్వు సరిగ్గానే తెచ్చావు."

"నాకు తెలుసుగా. నాకెందుకు చెబుతున్నావు?"

"ఆ రోజు కాగితంలో... మార్చింది నువ్వేనని రాశాను."

ఆమె చేతిలో దుప్పటి ఆగింది. "మామూలు కాగితం అన్నావు."

"అవును."

"నేను అడిగాను కూడా."

"అడిగావక్కా."

"కయల్ ఎట్లా ఉంది?" అని అడిగింది. చెప్పాను. అంతా చెప్పాను. విని, కళ్ళు తుడుచుకోకుండానే దుప్పటి రెండో కొస నా చేతికి అందించింది. ఇద్దరం పట్టుకుని మడిచాం. దానికి నేను పొంగిపోకూడదని నాకు తెలుసు. రెండో మనిషి లేనిదే ఆ దుప్పటి మడవడం కుదరదు, అంతే.

మేడం పైవాళ్ళకు ఉత్తరం రాసింది, నేను విడిగా నా తప్పు ఒప్పుకుంటూ ఇంకొకటి రాశాను. రాక్కాయి అక్కను మళ్ళీ వార్డుకు రమ్మన్నారు. ఆమె రానంది. "ఇక్కడే బాగుంది. దుప్పట్లకి పేర్లుండవు" అందట. ఇప్పుడు నన్ను చూస్తే తప్పుకుని వెళ్ళదు, పలకరిస్తుంది. కాని డాక్టరమ్మా అనడం మానేసింది. అమ్మా అంటుంది, అందరినీ అన్నట్టే.

ఇంటివాళ్ళకు చెప్పే రోజు డాక్టరు, మేడం కూర్చున్నారు, నేను వెనక నిలబడ్డాను. తల్లి ఇసక్కియమ్మాళ్ అర్థమైనంత వరకు విని, "నా రక్తం ఎప్పుడు తీస్తారు, ఇప్పుడు తీస్తారా?" అని చెయ్యి చాపింది. సుడలైముత్తు మాత్రం నేల చూస్తూ అడిగాడు.

"అంటే నా రక్తమే నా కూతుర్ని కాల్చిందా సార్?"

డాక్టరు ఏదో చెప్పబోయారు. నేను ముందుకొచ్చాను. "మీ రక్తంలో తప్పు లేదయ్యా. తప్పు నాది. పరీక్షలో సంగతి కనబడింది. ట్యూబు మారిందని నేను రాసేశాను."

అతను తలెత్తి నన్ను చూశాడు. వరండాలో నవ్విన మనిషిని గుర్తుపట్టాడు. కోపం వస్తుందనుకున్నాను. "నువ్వు చదువుకున్నదానివి కదా తాయీ" అన్నాడు. నిజంగా తెలియకే అడిగాడు, చదువుకున్నవాళ్ళకు అలా ఎలా జరుగుతుందని.

తల్లి గుర్తులు చూశాం. ఆమె గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయి. అన్నీ సిద్ధం. కయల్విళి కడుపు కుదుటపడితే మార్పిడి చేద్దామన్నారు. మధ్యలో కయల్విళి బుగ్గ లోపలి నుంచి నమూనా ఒకటి కావాల్సి వచ్చింది, తల్లి గుర్తులు మామూలు కణాల్లో ఉన్నాయని రాతపూర్వకంగా చూపడానికి. ఇంకెవరినీ పంపకుండా నేనే వెళ్ళాను. పదకొండేళ్ళలో నేను ఏ రోగి మంచం దగ్గరికీ వెళ్ళలేదు. నాకు ట్యూబులే తెలుసు.

చాలా చిన్నగా ఉంది. చర్మం పొరలుగా లేస్తోంది. పెదాల మీద పుళ్ళు. నేను దూది పుల్ల చూపించగానే, నొప్పి అయినా నోరు పెద్దగా తెరిచింది. "అయిపోయిందమ్మా" అన్నాను. ఆమె చూపు నా కోటు మీద ఆగింది.

"అక్కా, ఆ మూడో గుండీ ఒక్క దారం మీద ఉంది. ఊడిపోయాక వెతుక్కుంటారు. ఇవాళే వేయించుకోండి."

"నువ్వు కుట్లు చూసేదానివట కదా."

"రోజుకి ఎనిమిది వందల బనియన్లు. ఒక్కటి వెనక్కి రాలేదు, తెలుసా?" అంది. నవ్వబోయి, పెదవి చీలి, ఆగిపోయింది. "మీరు ఏ డాక్టరక్కా?"

"డాక్టర్ని కాదు. ల్యాబులో పనిచేస్తాను."

"ఓ, మా రక్తాలన్నీ చూసేది మీరేనా. మంచిదక్కా. బాగా చూడండి."

అప్పుడు చెప్పాల్సింది. తండ్రికి చెప్పాను, తల్లికి చెప్పాను, రాక్కాయి అక్కకు చెప్పాను. ఎవరి ఒళ్ళు కాలిందో ఆ మనిషి ఎదురుగా ఉంది, కళ్ళు తెరిచి ఉంది, వింటుంది. నేను నమూనా సంచిలో పెట్టుకుని, "సరేనమ్మా, విశ్రాంతి తీసుకో" అని వచ్చేశాను. మళ్ళీ వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. తొమ్మిది రోజుల తర్వాత రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకి కయల్విళి చనిపోయింది. తల్లి కణాలు తీయడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ముందే తెలిసినా బతికేదని చెప్పలేమని డాక్టర్ అరుళ్‌రాజ్ నాతో అన్నారు. అది నిజం. ఆ నిజాన్ని నేను వాడుకోను.

ఇప్పుడు మా ల్యాబులో జబ్బు తిరగబెట్టిన ప్రతివాళ్ళకూ రెండు పరీక్షలూ ఒకే డిఎన్‌ఏ మీద చేస్తాం. రెండూ కలవకపోతే, ట్యూబు మారిందని రాసే ముందు క్యాన్సర్ మారిందేమో చూడాలని గోడ మీద రాసి ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెబుతాను. పాఠంలో ఆమెను 'నాలుగో కేసు' అంటారు. పేరు పెట్టకూడదని నియమం. వాళ్ళ ఇంటివాళ్ళను అడిగితే, పేరు రాయండి, దాని పేరు ఎక్కడైనా ఉండాలి అన్నారు. అందుకని పాఠంలో కాకుండా ఇక్కడ రాస్తున్నాను. ఆమె పేరు కయల్విళి. ఎంతో శ్రద్ధగా పని చేసిన మనిషి. నా పేరు మరిచిపోయినా ఫరవాలేదు. ఆమెను గుర్తుపెట్టుకోండి.